రెండు నిలువు గీతలు

ఉషారాణి ఆ పట్టికను తక్కువలో తక్కువ పదిమందికి చూపించి ఉంటుంది. చూపించుకోదగ్గ పనే, కాదనలేం. ఎడమవైపు గడిలో ఒరాకిల్ అనే పాత డేటాబేస్‌లో వాడే ఆదేశం, కుడివైపు గడిలో అదే పనిని పోస్ట్‌గ్రెస్ అనే కొత్తదాంట్లో చేయించే ఆదేశం. ఈ రోజు తేదీ కావాలంటే అక్కడ సిస్‌డేట్ అనాలి, ఇక్కడ నౌ అనాలి. ఖాళీ గడికి బదులు ఇంకేదైనా పెట్టమనడానికి అక్కడ ఎన్‌వీఎల్, ఇక్కడ కోలెస్. మొదటి పది వరుసలే చాలనడానికి అక్కడ రోనమ్‌తో తిప్పలు పడాలి, ఇక్కడ లిమిట్ అని ఒక్క ముక్క రాస్తే సరి. అద్దె ఇల్లు మారినప్పుడు సామానంతా పాతదే అయినా స్విచ్చులు వేరే గోడల మీద ఉంటాయి చూశారా, అలాంటిదే ఈ వ్యవహారం. ఏ స్విచ్చు ఏ గోడ మీద ఉందో అరవై మూడు వరుసల్లో రాసిపెట్టుకుంది ఉషారాణి.

ముప్ఫై ఎనిమిదో వరుసలో రెండు నిలువు గీతలున్నాయి. రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి అతికించడానికి వాడే గుర్తు అది. ఒరాకిల్‌లోనూ అవే గీతలు, పోస్ట్‌గ్రెస్‌లోనూ అవే గీతలు. వాటికి ఎదురుగా ‘అదే’ అని రాసి ఆవిడ కాఫీ తాగడానికి లేచింది. మిగతా అరవై రెండింటినీ రెండేసిసార్లు నడిపి చూసిన మనిషి ఈ ఒక్కదాన్ని నడపలేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నదాన్ని పనిగట్టుకుని ఎవరు పరీక్షిస్తారు చెప్పండి?

ఇదంతా గట్టుమూల మత్స్యకారుల సహకార సంఘం కోసం. కాకినాడ రేవును నమ్ముకున్న పదకొండు పేటల సంఘం అది, సభ్యులు రెండువేల నాలుగువందల పదిహేడు మంది. ఇరవై రెండేళ్ళ కిందట పెట్టిన పాత డేటాబేస్ ఇక నడిచేలా లేదని అధ్యక్షుడు గంగరాజు గారు బెంగపడుతుంటే, “నేను మార్చిపెడతానండి, మన సంఘమే కదా” అంది ఉషారాణి. భానుగుడి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమెకి అదే ఉద్యోగం. గట్టుమూల పేటలో పుట్టి ఇంజినీరింగు చదివిన మొదటి ఆడపిల్ల. ఆమె తొమ్మిదో ఏట తండ్రి పోలయ్య వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి లోవమ్మ నెత్తిమీద చేపల తట్టతో వీధి వీధీ తిరిగి చదివించింది. అలాంటి పిల్ల సంఘానికి ఊరికే పని చేసిపెడతానంటే గంగరాజు గారి కళ్ళు చెమర్చాయి. ఉషారాణికి ఆ చెమర్చడం బాగా నచ్చింది.

సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి త్రిమూర్తులు. ఆయనా గట్టుమూల వాడే, అరవై మూడేళ్ళు. రెండువేల నాలుగువందల పేర్లూ ఆయన ఒంటి వేలితో కొట్టినవే. చిన్నప్పుడు అమ్మ రేవులో బేరం చేసుకుంటుంటే ఉషారాణి వెళ్ళి కూర్చునేది ఆయన పక్కనే. కీబోర్డు మీద మొదటిసారి చెయ్యి వేయనిచ్చింది కూడా ఆయనే. రక్తసంబంధం లేకపోయినా ‘బాబాయ్’ అనే పిలిచేది.

ఏప్రిల్లో పాత డేటా తీసుకోవడానికి వెళ్ళినరోజు త్రిమూర్తులు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, ఒక మాట. మన పేటోళ్ళకి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటాది. పేటంతా ఓలేటోళ్ళే కదా, ఎంతమందికని కొడతాం? తండ్రి పేరు బట్టే పోల్చుకుంటాం. పాత దాంట్లో అలా వదిలినా పేరు బాగానే వచ్చేది. కొత్తదాంట్లో ఏవైనా ఇబ్బంది వస్తాదేమో చూసుకో.”

ఉషారాణి అప్పుడు ఫోన్లో ఏదో చూసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

“అవన్నీ మేం చూసుకుంటాం బాబాయ్. ఖాళీ అంటే ఖాళీయే. ఎక్కడైనా ఒకటే.”

“ఆయ్, నీకు తెలీనిదా” అని ఆయన సంతోషంగా లేచి టీ చెప్పడానికి వెళ్ళాడు.

డేటా మారింది. పాతదాంట్లో ఎన్ని వరుసలున్నాయో కొత్తదాంట్లోనూ లెక్కపెడితే అన్నే వచ్చాయి. సభ్యత్వ కార్డులు తెరుచుకున్నాయి, పడవల రిజిస్టరు తెరుచుకుంది. ఇక మిగిలింది పిలుపు జాబితా ఒక్కటే.

ఆ పిలుపు సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. ప్రతి ఏడూ ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట ఆపేస్తారు కదా. అది ముగిసే రోజు, జూన్ పద్నాలుగున, పదకొండు పేటల వాళ్ళూ రేవులో చేపల వేలం షెడ్డు కింద చేరతారు. సముద్రంలోకి వెళ్ళి తిరిగి రానివాళ్ళ పేర్లు సంఘం అధ్యక్షుడు ఒక్కొక్కటే చదువుతాడు. ఏ ఇంటి పేరు పిలిస్తే ఆ ఇంటివాళ్ళు “ఉన్నాం” అని బదులు చెప్పి, ఇత్తడి పళ్ళెంలో ఒక బంతిపువ్వు వేస్తారు. మర్నాడు మొదట దిగే పడవలో ఆ పూలు సముద్రానికి వెళతాయి. ఎవరు మొదలుపెట్టారో, ఎప్పుడు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తు లేదు. పేరు పిలవకుండా మాత్రం ఏ పేట పడవా నీళ్ళలో దిగదు.

మే నెలాఖర్లో ఉషారాణి ఆ జాబితాను కొత్త డేటాబేస్‌లోంచి తీసి చూసింది. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, మూడూ అతికించి ఒక వరుస. ఏ ఏడు పోయినవాళ్ళు ఆ ఏడు కింద. నూట నలభై మూడు మంది. కాగితం బాగానే వచ్చింది గానీ, అక్కడక్కడా వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ కనిపించింది. ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు. పేజీ అమరికలో ఏదో తేడా అనుకుంది. చూడ్డానికి బాగాలేదు కూడా. ‘ఖాళీ వరుస వస్తే వదిలెయ్’ అని ప్రోగ్రాంలో ఒక ముక్క చేర్చింది. ఖాళీలు పోయి జాబితా చక్కగా దగ్గరపడింది. రెండో పేజీలో తండ్రి పేరు ఉందో లేదో చూసుకుంది. ఉంది. ‘ఓలేటి పోలయ్య, తండ్రి గురువులు.’ తృప్తిగా లాప్‌టాప్ మూసేసింది.

జూన్ పద్నాలుగు మధ్యాహ్నం షెడ్డు కిక్కిరిసిపోయింది. గంగరాజు గారు తెల్లచొక్కా వేసుకుని కాగితాలు పట్టుకున్నారు. త్రిమూర్తులు ఇత్తడి పళ్ళెం పట్టుకుని స్తంభం దగ్గర నిలబడ్డాడు. చదవడానికి ముందు గంగరాజు గారు, “ఈ ఏడు మన సంఘాన్ని కొత్త కంప్యూటర్‌లోకి మార్చింది మన పోలయ్య కూతురు” అని చెప్తే అందరూ తిరిగి చూశారు. ఉషారాణి సిగ్గుపడ్డట్టు నవ్వింది. అది ఉత్తుత్తి సిగ్గు. అసలు సిగ్గు ఎలా ఉంటుందో ఆమెకి ఇంకో అరగంటలో తెలియబోతోంది.

పేర్లు మొదలయ్యాయి. “ఓలేటి పోలయ్య, తండ్రి గురువులు” అని పిలవగానే లోవమ్మ “ఉన్నాం” అంది. పువ్వు వేసి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. ఉషారాణి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత పిలిచిన పేర్లు ఆమె వినలేదు. తన పేరు అయిపోయింది కదా మరి. పక్కన కూర్చున్న ఎవరో ఉద్యోగం గురించి అడిగితే మెల్లగా సమాధానం చెబుతూ కూర్చుంది.

గంగరాజు గారు చివరి పేరు చదివి కాగితాలు మడిచారు. జనం కదలబోతుంటే మధ్యలో ఒక మనిషి కదలకుండా నిలబడి ఉంది. పెద్దింట్లమ్మ. లోవమ్మతో పాటు తట్ట మోసిన మనిషి. పదకొండేళ్ళ కిందట పంతొమ్మిదేళ్ళ కొడుకు నూకరాజు పడవతో సహా పోయాడు. ఆమె చేతిలో బంతిపువ్వు అలాగే ఉంది.

“గంగరాజు గారూ, మావోడి పేరు పిలవలేదండి.”

ఆయన కాగితాలు మళ్ళీ విప్పి పైనుంచి కిందకి చూశారు. “ఇందులో లేదమ్మా.”

“ఎందుకు లేదండి? పోయినేడు ఉంది కదా.”

అప్పుడు ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. “మా నాన్న పేరూ రాలేదండి.” “మా పెద్దన్నయ్యదీ రాలేదు.” లెక్కపెడితే పంతొమ్మిది పేర్లు. అన్నీ గట్టుమూల పేటవే. వెనక ఎవరో గట్టిగానే అన్నారు, “మరి పోలయ్య పేరు వచ్చింది కదా?”

పెద్దింట్లమ్మ ఉషారాణి వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

“అవునమ్మా. మీ నాన్న పేరు వచ్చింది. విన్నాను.”

తండ్రి పేరు ఎందుకు వచ్చిందో ఉషారాణికి తెలుసు. ఇంజినీరింగులో చేరేటప్పుడు కాలేజీ వాళ్ళు సంఘం కాగితంలోనూ ఇంటిపేరు ఉండాలన్నారు. ఆమె పోరుపెడితే త్రిమూర్తులు ఆ ఒక్క గడిలో ‘ఓలేటి’ అని కొట్టిపెట్టాడు. పేట మొత్తంలో ఆ ఒక్క గడే నిండి ఉంది.

“ఏంటమ్మా ఇది?” అన్నారు గంగరాజు గారు.

చేపల బల్ల మీదే లాప్‌టాప్ తెరిచింది. రెండు నిమిషాలు పట్టలేదు. ఇంటిపేరు ఖాళీగా ఉన్నచోటల్లా పేరు మొత్తం ఖాళీ అయిపోయింది. అతికించిన దగ్గరే పోయిందని అర్థమైంది. తను తీసేసిన ఖాళీ వరుసలు ఏంటో కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. వందల కళ్ళు తనమీద ఉన్నాయి. ఆ కళ్ళకి అరగంట కిందట తను ఎలా కనిపించిందో గుర్తొచ్చింది.

“పాత రికార్డులో వీళ్ళ ఇంటిపేరు లేదండి. ఎంట్రీ చేసినప్పుడే ఖాళీగా వదిలేశారు. అందుకే రాలేదు.”

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత చక్కగా కుదిరిన నిజం నోటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. జనమంతా ఒక్కసారిగా స్తంభం వైపు తిరిగారు.

త్రిమూర్తులు ఆమె వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. తర్వాత గంగరాజు గారి వైపు తిరిగాడు.

“ఆయ్. ఖాళీగా వదిలిన మాట నిజవేనండి. కొట్టింది నేనే.”

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఏప్రిల్లో స్టూలు లాక్కుని చెప్పిన సంగతి ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని ఉషారాణి లాప్‌టాప్ మీదికి వంగింది. ఎత్తకపోయేసరికి, చెప్పడానికే సిగ్గుచేటు, ఆమెకి హాయిగా అనిపించింది. ఒక్క క్షణమే గానీ, అనిపించిన మాట నిజం.

“ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని చేసిందిదా?” అని ఎవరో అరిచారు. గంగరాజు గారికి ఏం చేయాలో పాలుపోలేదు. పాలుపోనప్పుడు పెద్దమనుషులు చేసేదే ఆయనా చేశారు. “రేపట్నుంచి మీరు రాకండి త్రిమూర్తులు గారూ. కమిటీలో మాట్లాడి చెప్తాం.” త్రిమూర్తులు పళ్ళాన్ని బల్ల మీద జాగ్రత్తగా, పువ్వులు పడిపోకుండా పెట్టి, జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పంతొమ్మిది పేర్లూ ఇప్పుడే నోటితో పిలుస్తానన్నారు గంగరాజు గారు. గట్టుమూల వాళ్ళు ఒప్పుకోలేదు. “కాయితంలో లేని పేరు పిలవడం ఏంటండి? మా వాళ్ళు దొడ్డిదారిన రావాలా?” అన్నారు. జాబితా సరిచేసి, ఎల్లుండి పొద్దున్న పేట పేర్లన్నీ మొదటినుంచీ పేట ఒడ్డునే పిలిచేలా మాటైంది. మర్నాడు పది పేటల పడవలూ దిగాయి. గట్టుమూల పడవలు పదిహేడూ ఇసుక మీదే ఉండిపోయాయి. రెండు నెలలు పనిలేక కూర్చున్న ఇళ్ళు అవి.

షెడ్డు నుంచి వచ్చిన సాయంత్రం లోవమ్మ కూతురికి అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తూ అంది.

“మీ బాబాయ్ అలా చేసే మనిషి కాదే.”

“తప్పు చేశాడని నేనన్లేదమ్మా.”

“నువ్వన్లేదు. అనిపించావు.”

ఉషారాణి చెయ్యి కడుక్కుని పట్టిక తెరిచింది. ముప్ఫై ఎనిమిదో వరుస. ‘అదే.’ పాతదాంట్లో ఖాళీకి ‘నూకరాజు’ని అతికించి నడిపింది. నూకరాజు అని వచ్చింది. కొత్తదాంట్లో అదే ఖాళీకి అదే పేరు అతికించి నడిపింది. ఏమీ రాలేదు. పాతది ఖాళీని పట్టించుకోకుండా ఉన్న పేరును ఉన్నట్టే ఇస్తుంది. కొత్తది, ఒక ముక్క తెలియకపోతే మొత్తం తెలియనట్టే లెక్కేస్తుంది. దాని పద్ధతి దానిది, తప్పేం కాదు. పుస్తకంలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది. ఇద్దరు కొత్త కుర్రాళ్ళకి ఆఫీసులో ఆ పాఠం తనే చెప్పింది కూడా.

ఆ తర్వాత ప్రోగ్రాంలో తను చేర్చిన ముక్క కంటపడింది. ‘ఖాళీ వరుస వస్తే వదిలెయ్.’ పక్కనే తన పేరు, తేదీ. రెండు గీతల సంగతి తెలియక చేసింది, సరే. ఇది అలా కాదు. పంతొమ్మిది మంది ఖాళీ గీతలై వచ్చి కాగితం మీద నిలబడ్డారు. తను చూసింది. చూసి, అందంగా లేరని తీసేసింది.

మర్నాడు పొద్దున్నే త్రిమూర్తులు ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆ వేళకి ఆఫీసు తాళం తీసే మనిషి, ఏం చేయాలో తెలియనట్టు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమెను చూడగానే లేచి, భుజం మీది తువాలుతో ప్లాస్టిక్ కుర్చీ తుడిచాడు.

“రండి మేడమ్. కూర్చోండి.”

చెంపమీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

“బాబాయ్, నువ్వు నాకు ముందే చెప్పావు కదా. షెడ్డులో ఆ మాట ఎందుకన్లేదు?”

“అంటే ఏవుందండి? అంతమందిలో మీ మాట పోద్ది. పేటలోంచి పైకొచ్చింది మీరొక్కరే. నా మాట పోతే ఏం, రేపో మాపో మానేసేవోణ్ణే.” మళ్ళీ తనే అన్నాడు. “మాట పడ్డందుకు కాదండి. నూకరాజు పేరు కొట్టినరోజు పెద్దింట్లమ్మ నా పక్కనే నిలబడింది. ఆవిడకి చదువు రాదు కదా. ఏ అక్షరం ఏదో చూపించమంటే వేలుపెట్టి చూపించాను. ఇక పోదు కదా అన్నయ్యా అంది. కంప్యూటర్లో ఎక్కించాం, ఇంకెక్కడికి పోద్దమ్మా అన్నాను. ఆ మాటొకటే తిరుగుతోంది బుర్రలో.”

ఉషారాణి తల వంచుకుని చెప్పింది. “నాకు ఖాళీ గీతలు కనిపించాయి బాబాయ్. మే నెల్లోనే. పేజీ బాగోలేదని నేనే తీసేశాను.”

త్రిమూర్తులు భుజం మీది తువాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కనిపించాయా?” అన్నాడు. అంతకుముందు రోజు వందలమందిలో మాటపడినప్పుడు కూడా ఆ ముఖం అలా కాలేదు.

“నేను ఇప్పుడే గంగరాజు గారికి ఫోన్ చేసి చెప్పేస్తాను.”

“ఫోన్లో అన్లేదు కదండి మీరు” అన్నాడాయన నెమ్మదిగా. “షెడ్డులో అన్నారు.”

టీ తాగుతారా అని అడిగాడు. వద్దని లేచింది. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు, పరాయి మనిషిని సాగనంపినట్టు.

ఇంటికొచ్చి ముందు ఆ ‘వదిలెయ్’ ముక్క తీసేసింది. ఖాళీ గడి వస్తే పక్కనున్న పేరును మింగకుండా కోలెస్ పెట్టింది. ప్రతి పేరుకీ ముందు ఒక అంకె వచ్చేలా చేసింది, ఇక ఏది తప్పిపోయినా కనిపిస్తుంది. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే నిండుగా ఉన్న ఒక పేరులో ఇంటిపేరు తీసి చూడాలి. దానికి ఇంకెవరి పేరూ ముట్టుకోబుద్ధి కాలేదు. తండ్రి వరుస తెరిచి, పదిహేడేళ్ళ వయసులో పోరి రాయించుకున్న ‘ఓలేటి’ చెరిపేసింది. జాబితా తీసింది. నూట నలభై మూడు. ‘పోలయ్య, తండ్రి గురువులు’ అని మిగతా పేటవాళ్ళలాగే వచ్చింది. మళ్ళీ ఇంటిపేరు పెట్టలేదు, అలాగే ఉంచేసింది.

పదహారో తారీఖు పొద్దున్న గట్టుమూల ఒడ్డున ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పడవలకి కొత్తగా వేసిన రంగు మెరుస్తోంది. గంగరాజు గారు కాగితం అందుకోబోతే ఉషారాణి ఇవ్వలేదు.

“నేను పిలుస్తానండి. దానికి ముందు ఒక మాట చెప్పాలి.”

పేటంతా అక్కడే ఉంది. త్రిమూర్తులు దూరంగా, ఒక పడవ నీడలో నిలబడి ఉన్నాడు. రాడేమో అనుకుంది, వచ్చాడు. ఇంటి దగ్గర నాలుగైదుసార్లు మనసులో చెప్పుకున్న మాటలన్నీ పోయాయి.

“మొన్న షెడ్డులో నేను సగమే చెప్పాను. ఇంటిపేరు ఖాళీగా ఉందన్నాను. అలా ఉంటుందని, చూసుకోమని బాబాయ్ నాకు ఏప్రిల్లోనే చెప్పాడు. నేను సరిగ్గా వినలేదు. ఇరవై రెండేళ్ళు ఆయన చేతిలో ఒక్క పేరూ పోలేదు. నా చేతిలోకి వచ్చిన రెండు నెలల్లో పోయాయి.”

“పోన్లేమ్మా, కంప్యూటర్ సంగతి ఎవరికి తెలుస్తాది” అని ముందు వరసలో ఎవరో సర్దబోయారు.

“కంప్యూటర్ కాదండి, నేనే. పేర్లు ఉండాల్సిన చోట ఖాళీలు వచ్చాయి. నేను కళ్ళారా చూశాను. అవి ఎవరివో అని చూడకుండా చెరిపేశాను. మా నాన్న పేరు ఉందో లేదో మాత్రం చూసుకున్నాను.” పడవ నీడ వైపు చూసింది. “మొన్న అందరి ముందూ ఆయన మీదకి పోతుంటే ఊరుకున్నాను. ఆయన కూడా ఊరుకున్నాడు. నాకోసం.”

తిడతారనుకుంది, తిట్టలేదు. గంగరాజు గారు తలొంచుకుని కాలితో ఇసుక గీస్తున్నారు. లోవమ్మ ముఖానికి కొంగు అడ్డుపెట్టుకుంది. అక్కడ నిలబడడం కంటే సముద్రంలో దూకడం తేలిక అనిపించింది ఉషారాణికి. ఎక్కడికీ దూకే వీల్లేదు, చేతిలో కాగితముంది.

చదవబోయింది. గాలికి కాగితం రెపరెపలాడి అక్షరాలు నిలవలేదు. ఇసుకలో ఎవరో నడిచి వస్తున్న అలికిడి వినిపించింది. త్రిమూర్తులు వచ్చి కాగితం రెండో అంచు పట్టుకున్నాడు.

“పిలువమ్మా” అన్నాడు. “ఎండెక్కుతోంది.”

ఆమె మొదలుపెట్టింది. అంకె చదివి, పేరు చదివి, తండ్రి పేరు చదివింది. “ఉన్నాం.” ఒక పువ్వు. ఇంకో పేరు. “ఉన్నాం.” తండ్రి పేరు వచ్చినప్పుడు, అందరిలాగే ఇంటిపేరు లేకుండా పిలిచింది. లోవమ్మ ఒక్క క్షణం కూతురి ముఖంలోకి చూసి, “ఉన్నాం” అంది.

తర్వాతి వరుస మీద వేలుపెట్టి చదివింది.

“నూకరాజు, తండ్రి సత్తియ్య.”

పెద్దింట్లమ్మ ముందుకి వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది మొన్నటి బంతిపువ్వే. రేకులు ముడుచుకుపోయి, గోధుమరంగుకి తిరిగింది. అందరి చేతుల్లోనూ తాజా పూలున్నాయి, ఆమె ఒక్కతే కొత్తది తెచ్చుకోలేదు.

“ఉన్నాం” అంది. పువ్వు మాత్రం వేయలేదు. పళ్ళెం దగ్గరే నిలబడి ఉషారాణి వైపు చూసింది.

“ఇంకోసారి పిలువమ్మా. ఇది ఇవాళ్టిది. మొన్నటిది పిలవలేదు కదా.”

త్రిమూర్తులు కాగితం గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళలో అక్షరాలు కనిపించకపోయినా ఉషారాణి గొంతెత్తి, మొన్న షెడ్డులో కూర్చున్నవాళ్ళందరికీ వినిపించాలన్నంత గట్టిగా, ఆ పేరు మళ్ళీ పిలిచింది.